పదకొండో నంబరు

గుణుపురానికి పదహారు కళ్ళు.
పదహారింటికీ చూపు నా భుజమ్మీది తువ్వాలుది.

సోమవారం సోమవారం వెదురు నిచ్చెన మోసుకుని
నౌపడా రైలు కూత వెయ్యకముందే బయల్దేరతాను.
స్టేషను గేటు, చింతపండు గొడౌను,
తాకట్టు కొట్టు, రథం వీధి మలుపు.
ఎక్కి తుడిచి దిగి, ఎక్కి తుడిచి దిగి.
రాత్రిపూట కెమెరా చుట్టూ
మన కంటికానని ఎరుపేదో వెలుగుతుందట.
దానికి పురుగులొస్తాయి,
పురుగుల కోసం సాలీడొస్తుంది,
సాలీడు కోసం నేను.
నెలకి రెండు వేల రెండొందలు.

ఒక అర్ధరాత్రి కానిస్టేబులు ప్రధాన్ ఫోను:
జల్ది ఆసొ, జల్ది ఆసొ!
పరిగెత్తాను.
తెర మీద రథం వీధికి అడ్డంగా
ఎనిమిది కాళ్ళ ఏనుగు నిలబడి ఉంది.
కర్రల లారీ ఒకటి దాని పొట్ట కింద నుంచి
హారనైనా కొట్టకుండా దూరిపోయింది.
ఆయన ఒడియాలో, నేను తెలుగులో
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

పదకొండో నంబరు మాత్రం వంశధార రేవు మీద.
ఒంటికాలి స్తంభం, చాచిన మెడ.
గిన్నెలు తోముతూ దాలమ్మ తల ఎత్తకుండానే అంది:
"ఆ కొంగ మా ఈపులేపే సూస్తన్నాది బావూ."
ఆఫీసులో చెప్పాను.
మీ రక్షణకే కదా అన్నారు,
అయినా ఎవడు చూస్తాడయ్యా,
పదహారు బొమ్మలు, ఒక్క మనిషి, వాడికీ నిద్దరొస్తుంది.
ఆ మాట తెచ్చి రేవులో అప్పజెప్పాను.
"సూడకపోతే ఎందుకెట్టినారు?
సూస్తే మావెలా తానం సేస్తాం?"
రెండు ప్రశ్నల మధ్యా నా నిచ్చెన ఆనడానికి గోడ లేదు.

అందుకని
పదకొండు దగ్గర ఎక్కేవాణ్ణి,
గాల్లో తువ్వాలు దులిపేవాణ్ణి, దిగేవాణ్ణి.
సాలీడూ నేనూ ఒకరి కూలి ఒకరం పాడుచేసుకోలేదు
మూడు నెలలు.

పుష్యమాసం. తెల్లారగట్ల
మోటారు సైకిలొకటి రేవు దారిలో ఆగింది.
దాలమ్మ మెళ్ళో గుళ్ళపేరు
తెంపుకుని పోయాడు.
తెర మీద వెనక్కి తిప్పి చూశారు:
తెల్లటి పీచు, తెల్లటి పీచు,
ఒక మూల అర చక్రం.
"ఎన్నాళ్ళయింది తుడిచి?"
ఎస్సై నా వైపు తిరిగాడు.
నా నోట్లో ఉమ్మి ఇగిరిపోయింది.
గీరుకుపోయిన మెడ మీద చెయ్యి వేసుకుని
దాలమ్మ నన్ను చూసింది.
ఏ కెమెరా నన్నెప్పుడూ అలా చూడలేదు.
"మంచు బావూ," అంది వాళ్ళతో.
"ఆ పొద్దు మంచు."

గుళ్ళపేరు దొరకలేదు.
ఇరవయ్యేళ్ళు జీడిపిక్కలు కొట్టి కూడబెట్టింది.
నేనేం ఇవ్వగలను? వెయ్యి రూపాయలు పట్టుకెళితే
చేతులు తడిగా ఉన్నాయంది.

సోమవారం ఎక్కాను.
గూట్లో బటాణీ గింజంత గుడ్ల సంచి.
కింద నిచ్చెన కదలడం ఆగింది.
చూస్తే దాలమ్మ, ఇంకో ఇద్దరూ కాళ్ళు పట్టుకుని ఉన్నారు.
"తుడిసీ.
మెడ మాత్రం తిప్పు.
దారిని సూడమను, నీటిని సూడొద్దను."

పదో నంబరు స్పానరు.
తుప్పు పట్టిన బోల్టు ఒకసారి కీచుమంది.
రెండు వేళ్ళ మేర, అంతే.
గుడ్ల సంచిని ఆకుతో తీసి
కెమెరా వీపు మీద అంటించాను.

సాయంత్రం ప్రధాన్ ఫోను:
పదకొండులో మెట్లు కనపట్లేదు.
దారి?
కనపడుతోంది. మలుపు దాకా. పడుకున్న కుక్క కూడా.
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
వెనకాల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
తర్వాత, నాతో ఎన్నడూ తెలుగాడని మనిషి,
మెల్లిగా అడిగాడు:
"గాలా?"

గాలే బాబూ, అన్నాను.
కొండ గాలి.