మూడు పిలుపులు

నాంపల్లి క్రిమినల్ కోర్టు, రెండో అంతస్తు, తలుపు పక్కన
ఇరవై ఆరేండ్ల సంది నిలబడ్డోన్ని.
నా పని పేర్లు పిలుసుడు.
ఒక్కో పేరు మూడు సార్లు.
నాలుగో పిలుపు నా నౌకరీల లేదు.

పొద్దుగాల తాగి బండి నడిపినోళ్ల వరస.
తల వంచుతరు, ఒప్పుకుంటరు, జరిమాన కడతరు,
పగటి బువ్వ యాళ్లకు
మళ్ల ఇంజినీర్లు, మేస్త్రీలు, పెండ్లికొడుకులు.

తర్వాత లావు కట్టలు విప్పుతరు.
చెంప వాస్తె చిన్న దెబ్బ,
పన్ను ఊడితె పెద్ద దెబ్బ.
అందుకే ఫిర్యాదుకొచ్చినోళ్లు నోరు తెరిచే నిలబడతరు.

కొత్త చట్టమొచ్చి నంబర్లు మారినయి.
దొంగతనం మూడువందల డెబ్బై తొమ్మిది కాదు,
మూడువందల మూడు.
జనం నోట్ల తిట్టయి బతికిన ఫోర్ ట్వంటీ
మూడువందల పద్దెనిమిదై ఎవలికీ గుర్తువట్టరాకుండయింది.
పీపీ మేడం పాత నంబరే అని
నాలిక కరుసుకుంటది.

ఆ మంగళవారం కట్ట మీద పేరు: రమావత్ శివయ్య.
మాసబ్ ట్యాంక్ కాడ కడుతున్న అపార్ట్‌మెంటు,
పదకొండు కిలోల రాగి తీగ.

శివయ్యా!
వరండంత చెవులే. ఎవలూ కదలలే.
శివయ్యా!
మెట్ల మీద ఒక పిలగాడు
బెయిల్ కాయిదం జిరాక్స్ మోకాళ్ల మీద పెట్టుకొని
నా నోటి దిక్కే చూస్తుండు,
ఈ పేరు అయిపోతె తన పేరొస్తదని.
శివయ్యా!

లోపట పెన్ను గీసిన సప్పుడు.
గైర్హాజరు. నాన్ బెయిలబుల్ వారంట్.

పొద్దుగూకినంక ఫ్యాన్లు బంద్ చేస్తుంటె వచ్చిండు.
"సేవ్యా అని పిల్వలేదేందన్నా ఇయ్యాల?"

సేవ్యా.
ఠాణల రైటర్‌కు ఆ పేరు పడలేదేమో,
తనకెరికైన దేవున్ని తెచ్చి కూసోవెట్టిండు.
పిలగాడు కింద వేలుముద్ర వేసిండు.
వేలికి చదువు రాదు.
చంచల్‌గూడ నుంచి తెచ్చినప్పుడు
పోలీసులే రెట్ట పట్టుకొచ్చిరి,
పిలిచే పనే పడలే.

తెల్లారి లీగల్ ఎయిడ్ వకీలు నిఖత్ మేడం
వారంట్ రీకాల్‌కు పిటిషన్ వేసింది.
జడ్జి సారు ఆధార్ కార్డు చూసిండు, కట్ట చూసిండు,
వారంట్ తీసేసి, పేరు సరిచేయమన్నడు.
సరిచేసిండ్రు:
శివయ్య అలియాస్ సేవ్యా.

అవ్వ పెట్టిన పేరు
దొంగపేరు జాగల పడ్డది.

ఇప్పటికి ఆరు వాయిదాలు.
సాక్షులు ఒకసారి రాలే, ఒకసారి సారు సెలవు.
నేను రెండు పేర్లూ పూరాగ పిలుద్దామనే నోరు తెరుస్త.
శివయ్య అనంగనే లేస్తుండు,
అంగీ సదురుకుంట, మొదటి పిలుపుకే.

తీగ నువ్వు తీసినవా అని
ఇంకా ఎవలూ అడగలే.