శేషం ఒకటి

మూడువందల అరవై ఐదుని ఏడుతో భాగించమన్నాను.
తేక్లే పెన్సిలు కొరుక్కుంటూ
యాభై రెండు, శేషం ఒకటి, అంది.
ఆ ఒకటి ఈవేళేనని
పిల్లకి చెప్పలేదు.

నిరుడు ఇదే తారీకున
జైలు గేటు బయట నిలబడి
ఎటు తిరగాలో తోచక
ముందొచ్చిన మినీబస్సు ఎక్కాను.
డ్రైవరు చిల్లర తిరిగిచ్చాడు.
నాలుగేళ్ళ నాలుగు నెలల తర్వాత
ఒక మనిషి నాకు బాకీ పడ్డాడు,
అడక్కుండానే తీర్చేశాడు.
కుతాయిసి చేరేదాకా ఆ నాణేల్ని
గుప్పిట్లోంచి వదల్లేదు.

కృతజ్ఞత పెద్ద మాట.
నేను లెక్కల మేష్టారిని,
పెద్దవాటిని భిన్నాలు చేసుకుంటే తప్ప నాకు అర్థం కావు.

ఉదాహరణకి, దీపం మీట.
అక్కడ రాత్రంతా బల్బు వెలుగుతూనే ఉండేది.
ఇంటికొచ్చాక చీకట్లో నిద్రపట్టక
దీపం ఆర్పడం, వెయ్యడం, మళ్ళీ ఆర్పడం.
ఎదురింటి గువాంచా మర్నాడు అడిగింది,
ఎవరికయ్యా ఆ సైగలు, అని.

ఉదాహరణకి, బజారులో టమాటాలు.
ఒక్కొక్కటే నొక్కి, వాసన చూసి, పక్కన పెట్టి,
మళ్ళీ మొదటిదాని దగ్గరికే వచ్చేసరికి
నానులికి ఒళ్ళు మండింది:
కొంటావా, పెళ్ళిచూపులు చూస్తున్నావా?
ఎంచుకోవడం మరిచిపోయానమ్మా, అన్నాను.
ఆమె ఏమీ అనలేదు.
సంచిలో రెండు ఎక్కువే పడ్డాయి.

చేసిన నేరం ఏమిటంటే
ఒక గీత గీయలేదు.
పెద్దమనిషి కొడుకు జవాబుపత్రం మీద పదకొండు.
ముందున్న ఒకటికి చిన్న కొక్కెం తగిలిస్తే డెబ్బై ఒకటి.
తగిలించనన్నాను.
లంచం నేనే తిన్నానని కాగితాలు పుట్టాయి.
జడ్జి కూడిక సరిగ్గానే చేశాడు,
ఆయనకిచ్చిన అంకెలే తప్పు.

తేక్లే వాళ్ళ నాన్న ఉషంగి.
నా గదికి తాళం వేసింది అతనే.
ఒక చలికాలపు రాత్రి రొట్టె కింద మడత కాగితం:
మూడు బై ఐదు, రెండు బై ఏడు, కలపాలి.
గుండ్రటి చిన్నపిల్ల రాత.
మీగడలా మెల్లగా తిన్నాను ఆ లెక్కని.
హారాలు సమం చేశాను, మెట్టు మెట్టుగా రాశాను,
తొందరపడకమ్మా అని అడుగున ఒక మాట.
మర్నాడు రొట్టె కింద
చెక్కిన పెన్సిలు వచ్చింది.
ఆ తర్వాత వారానికో కాగితం.
మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు,
గోడలకి చెవులున్న చోట
భిన్నాలే మా భాష.

వసంతంలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని
నా గుమ్మంలోకి వచ్చాడు. యూనిఫారం లేకపోతే
భుజాలు ఇంత సన్నగా ఉంటాయా అనిపించింది.
తనకి పంపిన జవాబులు ఎవరివో
పిల్లకి తెలుసో తెలియదో నేను అడగలేదు.
అప్పుడప్పుడు నా రాత వంక
పాత చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది.

ఈవేళ దాని నోటు పుస్తకంలో
శేషం ఒకటి కొంచెం ఏడులా పడింది.
ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాను.
శేషం భాజకం కన్నా చిన్నదై తీరాలి కదా, అన్నాను.
ఓ, అని నాలిక కరుచుకుని
రబ్బరుతో
ఆ కొక్కెం తుడిచేసింది.

అయిదింటికి ఉషంగి వచ్చాడు. వాన.
గొడుగు మడిచి వాకిట్లోనే ఆగిపోయాడు,
నేను తలుపు తీసేదాకా.
లోపలికి రమ్మన్నాను, బూట్లు తడిసాయన్నాడు.
ఫీజుకి పెద్ద నోటిచ్చి
మిగిలింది ఉంచండి మేష్టారూ, అన్నాడు.
లేదు. లెక్క లెక్కే.
చిల్లర అతని అరచేతిలో పెట్టి
వేళ్ళు మూశాను.

వాళ్ళు మలుపు తిరిగాక
పొయ్యి మీద పుల్ల ప్లమ్ పచ్చడి అడుగంటింది.
గిన్నె నానబెట్టాను.
వాన తెరిపిచ్చాక రియోని ఒడ్డుకి వెళ్ళాలి,
పని ఏమీ లేదు, ఊరికే.
సాయంత్రం ఇంకా బోలెడు మిగిలుంది.