నాళె బా

మూడో భాగం, నూట పన్నెండో పేజీ దగ్గర
నోరా కిటికీ తీస్తుంది.
ఎన్నిసార్లు చదివినా తీస్తుంది.
అక్కడే మత్తికెరెలో మా గదిలో గొడవ మొదలవుతుంది.

"తీయకపోతే కథేముంది?" అంటుంది తబస్సుమ్,
కదిరి నుంచి తెచ్చిన వేరుశెనక్కాయలు ఒలుస్తూ.
"కథ కోసం మెడ ఇచ్చేస్తామా?" అంటుంది నిస్సీ.
"వాడికి మూడొందల ఏళ్ళు. ఇంకా ఇంటరే చదువుతున్నాడు.
అన్నేళ్ళలో ఒక్క సప్లిమెంటరీ గట్టెక్కని వాణ్ణి
మా నాన్న గుమ్మం ఎక్కనిస్తాడా?"

మేం నలుగురం, పుస్తకాల కట్ట ఒకటి.
అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద తూకానికి కొన్నది.
అట్టలూడితే ఆసుపత్రి ప్లాస్టర్ వేశాను.
నోరా కిటికీ తీసిన చోట, అంచున, పెన్సిల్‌తో
ఎవరో తెలుగులో రాసి పెట్టారు:
అయ్యో పిచ్చిదానా.
ఆ చేతిరాతని ఐదో మనిషిగా లెక్కేసుకున్నాం.
వాదం తెగనప్పుడు ఆమె ఓటు నిస్సీకే.

చంద్రకళ మాత్రం వాడి పక్షం.
కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ తనది.
పగలు కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటుంది,
కాస్త ఎండ తగిలినా మూలుగుతుంది.
"వాడు ఆకలి ఆపుకున్నాడే! అది చిన్న విషయమా?
బస్సులో నా వెనక నించున్నవాడు
చెయ్యి ఆపుకోలేడు."

కాసేపు గదిలో
వేరుశెనగ పొట్టు చప్పుడొక్కటే.

నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను.
రక్తం గురించి వీళ్ళు రాసేదంతా అబద్ధం.
దానికి గులాబీల వాసన రాదు,
తడిచేత్తో పట్టుకున్న తాళంచెవి వాసన.
అప్పుడే నిండిన సంచీ అరచేతిలో
నిద్రలేచిన పిల్లికూనలా వెచ్చగా ఉంటుంది.
ఇచ్చినవాళ్ళు పావుగంట కూర్చుని,
రెండు బిస్కట్లు తిని, మామిడిరసం తాగి,
బస్సెక్కి వెళ్ళిపోతారు.
ఎవరికెళ్తుందని అడగరు.
నోరా నాలుగు భాగాలూ అడుగుతూనే ఉంటుంది,
నన్నే ఎందుకు, నన్నే ఎందుకు అని.

ఇది చెప్తే తబస్సుమ్ పొట్టంతా నా మీదికి విసిరింది.
"నీకు గ్రూపు తప్ప మనసు కనపడదు!"
కావచ్చు.
నోరాది ఓ-నెగెటివ్ అని నా అనుమానం.

అద్దె కోసం వచ్చిన పుట్టతాయమ్మ
గుమ్మంలోనే కూలబడి కథేమిటంది.
తెలుగూ కన్నడమూ కలిపి చెప్పాం.
అంతా విని ఒకటే అడిగింది:
"ఆ పిల్ల ఏం తింటుంది?"

మొహాలు చూసుకున్నాం.
రెండు వేల పేజీలు.
నోరా ఒక్క పూటైనా కడుపునిండా తిన్న గుర్తు లేదు.

పుట్టతాయమ్మ లేచి, వీధి తలుపు మీద
పెచ్చులూడిన ఆకుపచ్చ రంగుని గోటితో గీకింది.
కింద మసిబొగ్గు అక్షరాలు.
"నాళె బా. రేపు రా అని.
నేను కాపురానికొచ్చిన కొత్తలో
రాత్రిళ్ళు ఒకతె తిరిగేదట,
ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలిచేదట.
తీశామా, అంతే.
అందుకని ఈ వీధిలో ప్రతి తలుపు మీదా రాశాం.
అది చదివి వెళ్ళిపోయేది. మర్నాడొచ్చి మళ్ళీ చదివేది."
మెట్ల మీద ఆగి అంది:
"పాపం, చదువుకున్నదే."

ఆ రాత్రి నోరాని ఎవరూ తలుచుకోలేదు.
"అన్ని తలుపులు కొట్టింది కదా,
ఎవర్ని వెతుక్కుంటూ వచ్చేదో!" అంది చంద్రకళ,
చెప్పులేసుకుంటూ.
కింద క్యాబ్ హారన్ కొడుతోంది.
నిస్సీ దగ్గర కూడా జవాబు లేదు.

తెల్లవారుజామున ఐదింటికి తలుపు చప్పుడు.
తెలిసిన గొంతే.
ఎవరు లేచి తీయాలా అని ముగ్గురం
దుప్పట్లలోంచే వాదించుకుంటున్నాం.
"రేపు కాదే తల్లీ," బయటి నుంచి అరుస్తోంది,
"ఇవాళే. కాళ్ళు పీకుతున్నాయి."