జిగురు ఆరకముందే

గుంటూరు కలెక్టరాఫీసు బోర్డు మీద
మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది.
శాసనసభా కమిటీ బహిరంగ విచారణట,
మిర్చి తొడిమలు తీసే ఆడకూలీల అర్జీల మీద,
పదకొండో తేదీ, ఉదయం పదిన్నరకు.

ఇవాళ పన్నెండు.

జెరాక్సు కుర్రాడు చదివి పెట్టాడు,
తేదీ దగ్గర గొంతు తగ్గించి.
నాగూర్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.
ఘాటు. ముప్పై ఏళ్లుగా పోనిది.

"ఎవరూ రాలేదని రాసుకుపోయుంటారు గదా?"
వాడు మిషను మూత తీసి, మళ్లీ వేశాడు.

గోటితో అంచు లేపింది. తేలిగ్గానే ఊడొచ్చింది.
కింద ఇంకో నోటీసు, దాని కింద ఇంకోటి,
అన్నీ రమ్మని పిలిచినవే.

"తేదీ అయిపోయిందిగా, పిన్నీ?"

"అయిపోయిందనే చూడాలి అందరూ"
అంటూ ఆటో ఆపింది,
యార్డు గేటుకు,
కాగితం రెండు చేతులా పట్టుకుని.