గోడ మీద పిండివేళ్ళు

కుతాయిసిలో మా రొట్టెల కొట్టు
తెల్లారుజామున నాలుగింటికే లేస్తుంది.
నిప్పుల బావిలాంటి పొయ్యిలోకి నడుందాకా వంగి
లోపలి గోడకి రొట్టె చరచడం
ముప్పై ఒక్కేళ్ళుగా త్సియాలా పని.
నిరుడు చలికాలం ఆవిడ కుడిభుజం
తుప్పెక్కిన తలుపు బందులా బిగుసుకుపోయింది.

"కోసి చూద్దాం" అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు.
"మా ఊళ్ళో రొట్టెనే కొయ్యం,
విరుచుకు తింటాం" అనేసి వచ్చిందావిడ.

కోపానికి రోగం తగ్గదుగా.
వీధి చివర ఎతేరి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.
ఎతేరి చాలాసేపు ఏమీ చెప్పలేదు.
మోచెయ్యి పట్టుకుని మెల్లగా లేపి
తలుపెక్కడ ఇరుక్కుందో వెతికినట్టు ఆగి, దించి,
"వేళ్ళని గోడెక్కించు, చీమ ఎక్కినట్టు" అంది.
"రోజూ. నొప్పి అరిచేముందు ఆగు."

ఇక రొట్టెలు నా నెత్తిన పడ్డాయి.
మొదటివారం సగం బూడిదపాలు.
నా కనుబొమలు కమిలాయి.
పక్కనే త్సియాలా ముందుకు వంగి
వేలాడే చేత్తో అరకిలో తూకపురాయి పట్టుకుని
గడియారం లోలకంలా ఊపుతూ
ఊపుకో తిట్టు తిట్టేది నన్ను.

గోడ మీద పిండివేళ్ళ గుర్తులు:
జనవరిలో నడుమెత్తున.
ఫిబ్రవరిలో రెండిటుకలు పైకి.
మార్చిలో, బస్తా ఎత్తిందో ఏమో, నాకు చెప్పలేదు,
ఒక ఇటుక కిందికి.
ఆ వారం కొట్లో ఎవరూ గోడవైపు చూళ్ళేదు.
వచ్చినవాళ్ళంతా చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.
ఆ పక్కకి ఒత్తిగిలలేక
రాత్రుళ్ళు కుర్చీలోనే కునుకుతోందని
వాళ్ళాయన నోదార్ చెప్తే తెలిసింది.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు ముసలి బగ్రాత్.
"పిండినడుగు, ఎప్పుడు పులుస్తావని" అంది.

ఈ ఆర్నెల్లూ నాకింకో పని:
పొద్దున్నే ఆవిడ వెనక నిలబడి
ఏప్రన్ తాళ్ళు ముడెయ్యడం.
అంత నోరున్న మనిషి
ఆ కాసేపూ నోరెత్తేది కాదు.

జూన్‌లో ఒకరోజు, వాన.
రియోని నది బురదగా పారుతోంది.
అలవాటుగా చేతులు తుడుచుకుని వెనక్కి వెళ్ళాను.
ముడి అప్పటికే పడి ఉంది.
వంకరగా. ఒక తాడు పొడుగు, ఒకటి పొట్టి.

నేనేమీ అనలేదు.
ఏం చెయ్యాలో తెలీక
తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాను.

ఆవిడ నన్ను పక్కకి నెట్టి
పొయ్యిలోకి వంగి
ఒక్కటంటే ఒక్క రొట్టె చరిచింది.
"మిగతావి నువ్వే" అంది.