గాజు పట్టీ

త్బిలిసీలో, సోలోలాకి ఎత్తు మలుపు దగ్గర
మా మూడంతస్తుల ఇల్లు
ఇనుప చంకకర్రల మీద ఆనుకుని నిలబడింది.
తాత్కాలికం అన్నారు, పదకొండేళ్ళ కిందట.
ఇప్పుడా ఇనుముకి ద్రాక్షతీగ పాకింది.
రెండో అంతస్తు పిల్లలు దాని మీద మేజోళ్ళు ఆరేస్తారు.
గుమ్మంలో రంగురాళ్ళతో ఎవరో పొదిగిన స్వాగతం
సగం అక్షరాలు రాలి
ఇంకా సగం పిలుస్తూనే ఉంది.

త్సియాలా
ట్రామ్ డిపోలో ముప్పై ఏళ్ళు టిక్కెట్ల లెక్క చూసిన మనిషి.
మెట్లదారి గోడ మీద పగులు కనబడితే
దానికి అడ్డంగా అరచేయంత గాజుముక్క పెట్టి
రెండు కొసలా జిప్సం ముద్దతో అంటిస్తుంది.
పక్కన పెన్సిల్‌తో తేదీ.
ఇల్లు కదిలితే గాజు పగులుతుంది.
కదలకపోతే లేదు.
గోడలకి చెవులుంటాయంటారు గానీ
మా గోడకి ఆమె నోరు పెట్టింది.

మొత్తం పంతొమ్మిది పట్టీలు.
అన్నీ పాత కిటికీ అద్దాలే.
వీధిలో తుపాకులు మాట్లాడుకున్న ఆ చలికాలం
రాలిన ముక్కల్ని బిస్కెట్ల డబ్బాలో దాచింది.
ఎందుకూ అంటే
"పారేయడానికి చెయ్యి రాలేదు" అంది, అంతే.

నగరపాలక సంస్థ కాగితంలో మా ఇల్లు
ప్రమాద స్థితి, నాలుగో తరగతి.
ఆ కాగితం వెనకాల ఇంకో కాగితం,
దాని వెనకాల ఒక హోటలు.
వచ్చిన ఇంజనీరు
కారు దిగకుండానే ఇంటి నాడి చూసి వెళ్ళాడు.

మేం అయిదుగురం. సంఘం అనుకుంటే సంఘం.
రొట్టెల వాజా, బూట్లు కుట్టే అష్ఖేన్,
వీధి తలుపులన్నిటికీ ఫొటోలు తీసే నుత్సా,
త్సియాలా, పియానోలు శ్రుతి చేసే నేను.
సంతకాలకి తిరిగాం.
కింది వాటా జుంబెర్ పెట్టనన్నాడు.
"మీకు బాల్కనీ చెక్కడం కనబడుతుంది.
దగ్గుతో లేచే మా అమ్మకి
మంచం పక్కన బకెట్ కనబడుతుంది."
మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.
మర్నాడు వాజా రేకు కొని తెచ్చి
ఆ మూల చూరు సరిచేశాడు.
జుంబెర్ నిచ్చెన పట్టుకున్నాడు, సంతకం పెట్టలేదు.

మంగళవారం విచారణ.
"ఇల్లు నిలుస్తుందనడానికి సాక్ష్యం ఏది?"
ఒక పట్టీ ఊడదీసి తెద్దామని నుత్సా ముందే అంది.
త్సియాలా ఒప్పుకోలేదు.
ఊడదీస్తే అది గాజుపెంకు,
గోడ మీదుంటేనే మాట.
లేచి నిలబడి, లెక్కల పుస్తకం తెరిచి
డిపో గొంతుతో తేదీలు చదివింది.
ఫలానా మెట్టు, ఫలానా రోజు, చెక్కుచెదరలేదు.
ఫలానా మెట్టు, ఫలానా రోజు, చెక్కుచెదరలేదు.
పద్నాలుగో దాని దగ్గర ఆగింది.
"ఇరవై ఆరో మెట్టు. ఇది పగిలింది. మార్చి తొమ్మిది."

నా గుండె జారింది.
ఎవరడిగారు? ఎవరికి తెలుసు?
బయటికొచ్చాక వాజా కేకలేస్తే
కోటు బొత్తాలు పెట్టుకుంటూ అంది:
"ఆ ఒక్కటీ దాస్తే
మిగతా పద్దెనిమిదీ అబద్ధాలే కదయ్యా."

బల్ల చివర అంతసేపూ మాట్లాడని ఒకావిడ
గురువారం వచ్చింది, ఒంటరిగా.
ఇరవై ఆరో మెట్టు మీద కూర్చుని
పగిలిన గాజుకి వేలు ఆనించి
చాలాసేపు ఏదో విన్నట్టుంది.
ఆ మెట్టు కింద నీళ్ళ గొట్టం కారుతోందని ఆవిడే కనిపెట్టింది.

తీర్పు శరదృతువుకి వాయిదా.
గెలిచామా అంటే నాకు తెలీదు.
హోటలు కాగితం ఎక్కడో ఊపిరి తీస్తూనే ఉంటుంది.

నిన్న రాత్రి త్సియాలా కొత్త పట్టీ వేసింది.
రెండు చేతులూ జిప్సం.
దీపం పట్టుకున్న జుంబెర్‌ని
తేదీ రాయమంది.

సంతకం అతనింకా పెట్టలేదు.
ఇరవై ఆరో మెట్టు దగ్గర మాత్రం
ఆ వంకర అంకెలు అతనివే.