గుండు, బద్ద, ముక్క

పొద్దున్న తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠం
ఉనికి, నైసర్గిక స్వరూపం.
ఉత్తరాన మహేంద్రగిరి, తూర్పున ఉద్దానం ఇసక,
మధ్యలోంచి హౌరా లైను.
సుద్దముక్కతో కొండకి నాలుగు వంపు గీతలు,
ముప్పావుగంటలో పలాస అయిపోయింది.
జనాభా రేపు చెబుతానన్నాను.

మధ్యాహ్నం సర్వే డ్యూటీ.
ట్యాబ్ పట్టుకుని నేను గీసిన పటంలోకే నడిచాను.
ఇక్కడ దిక్కులు అక్కర్లేదు,
పిక్క కాలుతున్న వాసన ఎటు ఎక్కువైతే అటు కాశీబుగ్గ.
పొగగొట్టం ఎంత పొడుగో
షావుకారి మేడ అంత ఎత్తు.

లారీలోంచి దిగుతున్న గోనెల మీద
ఏదో ఆఫ్రికా ఊరి పేరు, సగం చెరిగిపోయి.
సోషల్ మాస్టారినే,
ఇంటికెళ్లి అట్లాసులో వెతకాలి.
ఆ ఊరి చెట్టు, విశాఖ ఓడరేవు, మా పలాస మంట,
తరవాత ఎవరింటి పాయసమో.

గొరకల దాలమ్మ ఇంట్లో ఐదుగురు.
వృత్తి?
"పిక్క కొట్టుడు బాబూ, రాసీ."
జాబితాలో పిక్క కొట్టుడు లేదు.
'ఇతరములు' నొక్కాను.
ఎన్నేళ్ల నుంచి?
"పెద్దది కడుపున పడ్డ యేడు మొదలెట్టినాను.
ఇప్పుడది నా పక్క పీట మీదే కూకుంటాది."
రోజుకెంత?
"గుండు పప్పుకి ఒక రేటు,
బద్దయితే తక్కువ,
ముక్కయితే మేస్త్రి మూతి."
తనే నవ్వింది.

చివరగా వేలిముద్ర.
బొటనవేలు పెట్టింది. పడలేదు.
చూపుడువేలు. పడలేదు.
కొంగుకి తుడుచుకుని,
జుట్టుకి రుద్ది నూనె అంటించుకుని
మళ్లీ పెట్టింది.
గాజు పలక ఎర్రగా వెలిగి ఆరిపోయింది.

చెయ్యి తిప్పి చూశాను.
జీడి తినేసిన వేళ్లు.
చుట్టు లేదు, గీత లేదు,
వరాహాలగెడ్డలో రాయిలాగ నల్లగా, నున్నగా.
పొద్దున్న బోర్డు మీద నేను గీసిన వంపులన్నీ
అక్కడెవరో ఎప్పుడో డస్టరుతో తుడిచేశారు.

"రేషనుకీ ఇలగే సేత్తాది ఈ డబ్బా.
మా పాప వేలు ఎట్టీమంటావేటి?
దానివి ఇంకా కొంచెం ఉన్నాయి."

తిరిగొస్తుంటే హైవే పక్క
పప్పు కొట్లకి లైట్లు వేశారు.
బస్సు దిగినవాళ్లు అరకిలో, పావుకిలో
బేరం ఆడుతున్నారు.
సీసాల్లో గుండు, బద్ద, ముక్క,
పాలపళ్లంత తెల్లగా,
ఒక్క మరకైనా లేకుండా.

రేపు రెండో పీరియడు, జనాభా.
ట్యాబ్‌లో దాలమ్మ ఇల్లు
ఇంకా పెండింగ్ అనే చూపిస్తోంది.